సిన్స్, ఫర్, మా అత్త

మొన్న శనివారం పూజ ముగించుకుని ఉప్మాకు రవ్వ వేయిస్తూ ఉంటే, మా కింది వాటాలో అద్దెకుంటున్నవాళ్ళ ఏడో తరగతి అమ్మాయి నోటుపుస్తకం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. పది వాక్యాలట, ఒక్కోదాంట్లో ఒక్కో ఖాళీ ఉందట, ఆ ఖాళీలో సిన్స్ రాయాలో ఫర్ రాయాలో తేల్చి చెప్పాలట. వాళ్ళమ్మ పనిలో ఉండి, పై ఆంటీకి ఇంగ్లీషు వచ్చని చెప్పి పంపిందట. పై ఆంటీకి ఇంగ్లీషు ఎంత వచ్చో ఆ ఏడుకొండలవాడికే తెలుసు. అయినా అడగవచ్చిన పిల్లను వెనక్కి పంపడానికి మనసొప్పక, మంట తగ్గించి, కళ్ళజోడు పెట్టుకుని ఏడు వాక్యాల దాకా ధైర్యంగానే చెప్పుకుంటూ పోయాను. ఎనిమిదో దాని దగ్గర ఆగిపోయాను. ఎవరో ఒకాయన పోయిన వారం నుంచి జ్వరంతో పడుకుని ఉన్నాడు. వారం అంటే ఏడు రోజులు కదా, మరి ఫర్ అనాలా, లేక పోయిన వారం అన్నది ఒక గుర్తులాంటిది కాబట్టి సిన్స్ అనాలా అని లోలోపల తర్జనభర్జన పడుతుండగానే రవ్వ మాడిన వాసన వచ్చింది. ఆ పిల్ల నన్నూ బాణలినీ మార్చి మార్చి చూసి, మా మిస్సును అడుగుతాలే ఆంటీ అని మర్యాదగా దిగిపోయింది.

మాడిన రవ్వను అవతల పెట్టి కూర్చున్నాక మొదట నవ్వొచ్చింది, ఆ తర్వాత మా అత్త గుర్తొచ్చింది. ఆ రెండు మాటల మధ్య నేనూ మా అత్తా చేతులు పట్టుకుని ఒక ఏడాది పాటు దారి తప్పి తిరిగాం. ఇది చదివేవాళ్ళలో నా ఈడువాళ్ళు, ముఖ్యంగా బడికి పోకుండా ప్రైవేటుగా పది రాసినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళకు నా గందరగోళం విడమరిచి చెప్పనక్కర్లేదు.

మాది నగరి. మా వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా మరమగ్గాల చప్పుడే. ఆ మోతలో మాటలన్నీ గొంతెత్తి మాట్లాడుకునే అలవాటు వల్ల, పెళ్ళిళ్ళకు వేరే ఊరు వెళితే మేం మామూలుగా కబుర్లు చెప్పుకుంటున్నా పోట్లాడుకుంటున్నామనుకుని ఎవరో ఒకరు సర్దిచెప్పడానికి వచ్చేవాళ్ళు. నాయనకు నాలుగు మగ్గాలు ఉండేవి. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెల్లో పెట్టే కండెలకు నూలు చుట్టడం ఇంటి ఆడవాళ్ళ పని. ఐదో తరగతి అయ్యాక, కండెల దగ్గర ఒక చెయ్యి తక్కువైందని నన్ను బడి మాన్పించారు. అందుకు నాయన మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. మా వీధిలో ఆడపిల్లలందరి చదువూ దాదాపు అక్కడే ఆగేది. నాది మాత్రం ఆగలేదు. నాకు పధ్నాలుగేళ్ళప్పుడు మా మేనత్త, అంటే నాయన చెల్లెలు, భర్త పోయి ఒక రేకు పెట్టెతో మా ఇంటికి వచ్చేసింది. రావడం దుఃఖంతోనే వచ్చింది, కానీ ఆమె రాకపోయి ఉంటే నాకు ఆ పైన ఇంకో అక్షరమ్ముక్క దక్కేది కాదన్నదీ నిజమే. భగవంతుడు ఒకరి చేతిలోంచి తీసింది తెచ్చి ఇంకొకరి చేతిలో ఎందుకు పెడతాడో ఆ రోజుల్లో నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పటికీ కాదు. నమస్కారం పెట్టుకోవడం ఒక్కటే నేర్చుకున్నాను.

అత్త పదో తరగతి దాకా చదివింది. పరీక్షలకు నెల ముందు పెళ్ళి కుదిరిందని పరీక్ష రాయనివ్వలేదట. ఆ సంగతి ఆమె ఎప్పుడూ బాధగా చెప్పేది కాదు, ఎవరో పక్కింటివాళ్ళకు జరిగినట్టు చెప్పేది. మధ్యాహ్నం పూట కండెలు చుట్టే రాట్నాల దగ్గర ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, చేతులు వాటి పని అవి చేస్తుంటే, ఆమె పాఠం చెప్పేది, నేను అప్పజెప్పేదాన్ని. అమావాస్య నాడు మా వీధిలో మగ్గాలు ఆడవు, కాబట్టి నెలకు ఆ ఒక్క రోజు మాత్రం పలక, పుస్తకం ముందు పెట్టుకుని రాత పని చేసేవాళ్ళం. లెక్కలు, సాంఘికం, తెలుగు అన్నీ అలాగే నేర్చుకున్నాను. ఇంగ్లీషుకు మాత్రం మా దగ్గర ఉన్నది తిరుత్తణిలో పాత పుస్తకాల అంగట్లో కొన్న ఒక తమిళ గైడు. అత్తకు తమిళం చదవడం వచ్చు, నాకు మాట్లాడడం మాత్రమే వచ్చు. ఇంగ్లీషు మాటను తమిళంలో చదివి, దాన్ని మా తెలుగులోకి తిప్పి ఆమె నాకు చెప్పేసరికి దారిలో ఏదో ఒకటి జారిపోయేది. ఏది జారిపోయిందో మా ఇద్దరిలో ఎవరికీ తెలిసేది కాదు.

ఇదంతా ఊరికే చదువు మీద ప్రేమతో సాగిపోయేదేమో గానీ, నాకు ఇరవై ఒకటి నిండిన ఏడు మా వీధి చివర చిన్నపిల్లల అంగన్‌వాడీ ఒకటి పెడుతున్నారని తెలిసింది. దానికి ఆ వీధిలోనే ఉండే మనిషి కావాలి, పది పాసై ఉండాలి. చూడ్డానికి వచ్చిన సూపర్‌వైజరమ్మ మా ఇంట్లో మంచినీళ్ళు తాగుతూ, పక్కిళ్ళ పిల్లలను నేను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాటలు నేర్పడం చూసి, పది పాసు చూపించు, నీ పేరే రాస్తానని నాతో అంది. ఆ మాట నన్ను ఎంతగా పట్టుకుందంటే, కండె చుట్టడం మధ్యలో దారం తెగినా చూసుకోకుండా ఖాళీ రాట్నం తిప్పుతూ కూర్చునేదాన్ని. ఆ గదికి ఏ రంగు వేయించాలో, పిల్లల చేతులు ఎక్కడ కడిగించాలో కూడా అప్పుడే అనుకున్నాను. నాయన సరేనన్నాడు, కానీ ఎన్ని తూర్లు రాస్తావో అన్ని తూర్లు ఫీజు కట్టేది కుదరదనీ, ఈ ఏడాదిలో గట్టెక్కితే సరి, లేకుంటే ఆ ఆశ వదులుకోమనీ ముందే చెప్పాడు. అప్పుడే అమ్మ, మరి ఆడబిడ్డ కూడా రాయవచ్చు కదా, పాపకు తోడుగా ఉంటుంది అంది. అత్త నవ్వింది. కానీ మర్నాడు నా దరఖాస్తుతో పాటు తనదీ నింపింది.

మార్చిలో ఇద్దరం రాశాం, ఇద్దరం ఇంగ్లీషులో మాత్రమే పోయాం. మా పక్కన ఇంగ్లీషులో పోవడం సిగ్గుపడాల్సిన సంగతి కాదు, సగం ఊరు అక్కడే పోయేది. సెప్టెంబరులో ఆ ఒక్క పేపరూ మళ్ళీ రాయవచ్చు. అప్పటిదాకా ఆగుతానని సూపర్‌వైజరమ్మ కబురు చేసింది. ఏటా తప్పకుండా వచ్చే ప్రశ్నలు ఏవో ఎవరెవరినో అడిగి ఒక కాగితం మీద రాసుకున్నాం. అందులో మొదటిది ఈ సిన్స్, ఫర్ గొడవే.

మన తెలుగులో మూడు రోజుల నుంచి వాన అంటాం, సోమవారం నుంచి వాన అంటాం, రెంటికీ ఒకటే నుంచి. ఇంగ్లీషువాడు దాన్ని రెండు ముక్కలు చేసి పెట్టుకున్నాడు. మూడు రోజులకు ఫర్ అట, సోమవారానికి సిన్స్ అట. మూడు రోజులుగా అని పుస్తకాల తెలుగులో ఒక వాడుక ఉందనీ, ఫర్ అంటే ఆ గా లాంటిదనీ చాలా ఏళ్ళ తర్వాత నాకు తట్టింది. కానీ మా వీధిలో మూడు రోజులుగా అని మాట్లాడేవాళ్ళెవరు? అక్కడ అన్నీ నించీలే. పైగా గైడులో ఇంకో పేజీ తిప్పితే ఫర్ అంటే కోసం అని ఉండేది, సిన్స్ అంటే కనుక అని ఉండేది. అమ్మ కోసం మందు తెచ్చాను అన్నదాంట్లో ఉన్న మాటే రెండు నెలల నుంచి అన్నదాంట్లో కూడా ఎందుకుందో ఇద్దరికీ అంతుపట్టేది కాదు. కాలం కోసం ఏం తెస్తాం అని అత్త అడిగేది. నేను జవాబు చెప్పాల్సినదాన్ని అన్నట్టు నన్నే చూసేది.

ఒక రోజు నాయన మగ్గం దగ్గర కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, అతుకుతున్నాడు. పాత పడుగు అయిపోవస్తే, దాని చివర పోగులకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా ముడివేసుకుంటూ పోవాలి. అది చాలా ఓపిక పని, మధ్యలో ఎవరైనా పలకరిస్తే నాయనకు చిర్రెత్తుకొచ్చేది. ఆ రోజు మేమిద్దరం పక్కనే కూర్చుని సిన్స్ అని ఒకరు, ఫర్ అని ఒకరు వాదించుకుంటుంటే ఆయన తల ఎత్తకుండానే, "యాడ ముడేసినావో అదొకటి, ఆడ్నించి ఎన్ని గజాలు నేసినావో అదొకటి. అంతే గదమ్మా. దీనికి రెండు నెల్ల నించి ఈ రచ్చేంది?" అన్నాడు. మూడో తరగతి చదివిన మనిషి. మేం అడిగింది కాలం గురించి, ఆయన చెప్పింది బట్ట గురించి, కానీ అత్త చేతిలోని కండె కింద పెట్టేసింది. ముడి పడిన చోటు సిన్స్, నేసిన పొడుగు ఫర్. సోమవారం ముడి, మూడు రోజులు గజాలు. ఆ సాయంత్రం మేం పది వాక్యాలు రాస్తే పదీ సరిపోయాయి. అమ్మ ఉప్పు దిగదుడిచి పొయ్యిలో వేసింది, ఎవరి దిష్టో గానీ.

ఆ తెలివి మాకు నాలుగు రోజులు నిలిచింది. ఐదో రోజు చిన్నతనం నుంచి అన్న వాక్యం ఎదురైంది. చిన్నతనం ఏమైనా ఒక్క ముడా, అది చాలా పొడుగు, గజాల లెక్కే, కాబట్టి ఫర్ అని అత్త అంది. గైడు సిన్స్ అంది. అచ్చు తప్పని అత్త కొట్టేసింది. చిన్నతనం అయిపోయి చాలా ఏళ్ళయినవాళ్ళకు అది ఒక ముడిలాగానే కనబడుతుందేమో అని నేనన్నాను, కానీ గట్టిగా నిలబడలేదు, ఎందుకంటే నా చిన్నతనం అయిపోయిందో లేదో నాకే సరిగా తెలియదు. చాలా కాలం నుంచి అన్నది ఇంకో చిక్కు. దానికి మొదలే తెలియనప్పుడు ముడి ఎక్కడని వెతకాలి? ఇలా ఒక ముడి విప్పితే రెండు పడుతూ వచ్చాయి.

అభ్యాసానికి మన ఇంటి సంగతులతోనే వాక్యాలు రాయమని గైడులో ఉండేది. ఒక అమావాస్య నాడు నేను, మా అత్త ఏడేళ్ళ నుంచి మా ఇంట్లో ఉంటోంది అని ఫర్ పెట్టి రాసి చూపించాను. బాగుంది, ఇదే వాక్యం సిన్స్ తో రాయి అంది. సిన్స్ కు ముడి కావాలి. ఏ రోజు నుంచి అని రాయాలి? నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. పలక మీద బలపం పెట్టి నేను అలాగే కూర్చుండిపోయాను. ఆమే పలక తన వైపు తిప్పుకుని, ఆయన పోయినప్పటి నుంచి అని ఇంగ్లీషులో తిన్నగా రాసింది. క్రియ ఏ కాలంలో పెట్టాలన్నది మాకెప్పుడూ తప్పేది. ఆ వాక్యంలో మాత్రం ఏమీ తప్పలేదు. తర్వాత పలక తుడిచి, తరువాతి లెక్క తియ్యమంది. ఇంగ్లీషు చదువుతున్నాం అత్తా, లెక్క కాదు అన్నాను. అవునే కదా అంది.

సెప్టెంబరు పరీక్షకు పుత్తూరు వెళ్ళి రాశాం. ఇద్దరికీ ఒకే గది పడింది. ఆ ప్రశ్న వచ్చింది కూడా. బయటికి వచ్చి బస్సు కోసం నిలబడి జవాబులు సరిచూసుకుంటే ఐదు ఖాళీల్లో రెండు ఇద్దరం వేరు వేరుగా రాశాం. ఎవరిది తప్పో తేల్చడానికి గైడు ఇంట్లో ఉంది, గైడును నమ్మవచ్చో లేదో కూడా తెలియదు. సరే, ఇక స్వామిదే భారం అనుకుని ఇంటికి వచ్చాం.

ఇక్కడే నా చేతులారా నేనొక పని చేశాను. ఇద్దరం పాసైతే మెట్లెక్కి కొండకు వస్తామని మొక్కుకుని, ముడుపు కట్టాలని నాకు తోచింది. ముడుపు అంటే తెల్ల గుడ్డను పసుపు నీళ్ళలో తడిపి, ఆరబెట్టి, అందులో రూపాయి బిళ్ళ పెట్టి మూట కట్టి దేవుడి దగ్గర ఉంచుతాం కదా. నేను ఊరుకోకుండా, ఏ పని కోసం మొక్కామో స్వామికి గుర్తుండాలని, ఇద్దరి హాల్ టికెట్లూ, మేం నంబరు రాసుకున్న ప్రశ్నపత్రాలూ మడిచి బిళ్ళతో పాటు ఆ గుడ్డలోనే పెట్టాను. ఆ రోజు ముసురు. గుడ్డ ఆరలేదు. మంచి ఘడియ దాటిపోతుందని తడిగుడ్డతోనే బిగించి కట్టి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. స్వామి దగ్గర పెట్టినదానికి ఏమవుతుంది అన్న ధీమా తప్ప, సిరాతో రాసిన అంకెలకు తడి తగిలితే ఏమవుతుందన్న ఆలోచన నాకు ఒక్క క్షణం కూడా రాలేదు.

ఫలితాలు ఒక రెండో శనివారం పొద్దున పేపర్లో పడ్డాయి. అప్పట్లో పాసైన నంబర్లన్నీ చీమల బారుల్లా పేజీ నిండా వేసేవాళ్ళు. నాయన టీ అంగడి నుంచి పేపరు తెచ్చాడు. నేను ముడుపుకు దణ్ణం పెట్టి విప్పాను. లోపల అంతా ఒకటే పసుపు. కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయి, నంబర్ల చివరి అంకెలు నీలం మరకలై ఉన్నాయి. మా ఇద్దరివీ వరస నంబర్లు, చివర ఒకటి ఏడు, ఒకటి ఎనిమిది, అంతవరకు ఇద్దరికీ గుర్తే. ఏది ఎవరిదన్నదే గుర్తు లేదు. పేపర్లో చూస్తే ఆ వరసలో ఏడు ఉంది. ఎనిమిది లేదు.

నా దరఖాస్తు ముందు ఇచ్చినాను కాబట్టి ఏడు నాదే అయ్యుండాలని అత్త మొదట అని, వెంటనే, కాదు కాదు, గుమాస్తా రెండూ తిరగేసి పెట్టుకున్నాడు, ఏడు పాపదే అంది. గదిలో నేను ఆమె వెనక కూర్చున్నాను, కానీ బల్లలు ఒక వరస ముందుకూ ఒక వరస వెనక్కూ నంబర్లు వేసి ఉన్నాయి, కాబట్టి అదీ సాక్ష్యం కాదు. ఫీజు కట్టిన హైస్కూలు రిజిస్టరులో ఎవరి నంబరు ఏదో ఉంటుంది. కానీ ఆ రోజు సెలవు, మర్నాడు ఆదివారం. సోమవారం దాకా ఆగాలి.

ఈ సంగతి వీధిలో అరగంటలో పాకింది. ఎదురింటావిడ గడపలో నిలబడి, "ఏమే, మీ ఇంట్లో ఇద్దురికీ కలిపి ఒగ పాసంట గదా. తలా సగం పంచుకుంటారా?" అని అడిగి అందరినీ నవ్వించింది. నాయన కూడా నవ్వాడు. అత్త నవ్వింది. ఏడు పాపదేననీ, తను అసలు తోడుకే రాసిందనీ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. నేను మర్యాదకు, కాదు అత్తదే, ఆమె కదా నాకు నేర్పింది అని చెబుతూ వచ్చాను. చెప్పాను గానీ, ఆ రెండు రోజులూ నా మనసులో ఏముందో ఇన్నేళ్ళ తర్వాత దాచడమెందుకు? అది నాది కావాలి, నాదే కావాలి, అంతే. సాయంత్రం దీపం పెట్టి స్వామి ముందు నిలబడితే ఏమని మొక్కుకోవాలో కూడా తెలియలేదు. అయిపోయినదాన్ని మార్చమని అడగవచ్చా? ఏడు నాది చెయ్యి స్వామీ అంటే, ఎనిమిది అత్తది చెయ్యి అని అడిగినట్టే కదా? ఆ మాట పైకి అనకుండానే, లోపల మాత్రం అదే అడుగుతూ నిలబడ్డాను.

ఆదివారం సాయంత్రం నూలు ఆరేసిన దండెం దగ్గరికి వెళుతూ చూస్తే, పంచలో వెలుతురు ఉన్న చోట అత్త ఆ పేపరు పరుచుకుని కూర్చుని ఉంది. మా నంబరు ఉన్న చోటును మళ్ళీ మళ్ళీ చూసుకుంటోందేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళాను. ఆమె ఆ చోట లేదు. పేజీ మొదటి నుంచి, మా జిల్లా కాని వరసలు కూడా, వేలు పెట్టి ఒక్కొక్క నంబరూ చదువుకుంటూ వస్తోంది. ఏం వెతుకుతున్నావని అడిగితే, ఎనిమిది ఎక్కడైనా పొరపాటున వేరే వరసలో పడి ఉంటుందేమో అని, మధ్యాహ్నం నుంచి చూస్తున్నానని అంది. నేను ఆమె పక్కన కూర్చుని రెండో పేజీ తీసుకున్నాను. చీకటిపడే దాకా వెతికాం. నేను నిజంగా వెతికానో, వెతుకుతున్నట్టు కూర్చున్నానో నాకు తెలియదు.

సోమవారం పొద్దున ఇద్దరం హైస్కూలుకు వెళ్ళాం. గుమాస్తా రిజిస్టరు తీసి, స్కేలు పెట్టి గీత వెంట చూసి, ఏడు అత్త పేరు మీద ఉందని చెప్పాడు. అత్త ముఖంలో సంతోషం రాలేదు. "ఇంగొగ తూరి సూడండి సార్. పైగీత కిందగీత అయ్యుంటాది" అంది. ఆయన స్కేలు మళ్ళీ పెట్టి చూపించాడు. నా కళ్ళలో నీళ్ళు అప్పటికే కారిపోతున్నాయి. అది చూసి ఆ పెద్దమనిషి, మేనత్త పాసైతే ఇంత సంతోషపడే పిల్లను ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నాడు. నేను తల ఊపాను. ఆయన అనుకున్నదాన్ని సరిదిద్దలేదు. అత్త చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను.

అంగన్‌వాడీ పనికి వెళ్ళనని అత్త ఎనిమిది రోజులు పట్టు పట్టింది. అది పాప కోసం అట్టిపెట్టిన పని, నేను దొంగతనంగా దూరలేను అంది. ముప్పై అయిదు దాటితే తీసుకోరు గానీ ఆమెకు ఇంకా ఏడాది తక్కువ, భర్త లేని మనిషి, ఆమెకైతే ఇంకా సులువు అని సూపర్‌వైజరమ్మ వచ్చి చెప్పింది. వదినగా అమ్మ చెప్పింది, అన్నగా నాయన చెప్పాడు. ఎవరి మాటా వినకుండా కండెలు చుట్టుకుంటూ కూర్చుంది. చివరికి ఒక మధ్యాహ్నం నేను ఆమె రాట్నం మీద చెయ్యి పెట్టి ఆపి, "పనికి నువ్వు పో అత్తా. నేను మార్చిలో మళ్ళా రాస్తా" అన్నాను. ఫీజు మాటెత్తకుండా నాయన సరే అన్నాడు. మర్నాడు అత్త ఉతికిన చీర కట్టుకుని పనికి వెళ్ళింది.

మొక్కు సంగతి ఇంకో చిక్కు తెచ్చింది. ఇద్దరం పాసైతే అని కదా మొక్కుకున్నాం, ఒకరే పాసైతే మొక్కు ఉన్నట్టా, లేనట్టా? గుళ్ళో అయ్యగారిని అడిగితే ఆయన నవ్వి, మీరు నడిస్తే స్వామి కాదంటాడా అన్నాడు. ఇద్దరం అలిపిరి నుంచి నడిచాం. పైకి చేరి స్వామిని చూసిన ఆ రెప్పపాటులో నేను ఏమీ అడగలేకపోయాను. అడగనందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను.

మరుసటి మార్చిలో నేను పాసయ్యాను, అత్తే మళ్ళీ నేర్పింది. ఆ తర్వాత పెళ్ళయి తిరుపతి వచ్చాను, పిల్లల్ని ఇంట్లోనే కూర్చోబెట్టి నాకు వచ్చింది నేర్పాను, ఏ లోటూ లేకుండా స్వామి నడిపించాడు. అత్త ఆ గదిలో పాతికేళ్ళు దాటి పనిచేసింది. పోయిన ఏడాది ఆమె పని విరమించిన రోజు నేను వెళ్ళాను. వీధిలోని పిల్లలూ, ఆ పిల్లల పిల్లలూ వచ్చి దండలు వేశారు. అందరూ వెళ్ళాక ఆ గదిలో మేమిద్దరమే మిగిలినప్పుడు, ఇన్నేళ్ళు మోసినదాన్ని దించుకుందామని, ఆ సోమవారం నేను ఏడ్చింది సంతోషంతో కాదని చెప్పాను.

"ఆ పొద్దే తెలుసు పాపా" అంది. "ఏడేండ్లు నీ పక్కన కూసోని కండెలు సుట్టినదాన్ని, అది ఏ ఏడుపో నాకు తెలీదా?"

మరి తెలిసి కూడా ఎలా వెళ్ళావని నేను అడగలేదు. ఆమే దండలోని పూలు ఒక్కొక్కటే తుంచుతూ, "నాకూ కావాలనిపించె" అంది.

అంతకు ముందు గానీ, ఆ తర్వాత గానీ ఆమె నోట కావాలి అన్న మాట నేను వినలేదు. అన్నం దగ్గర కూడా చాలు అనేదే తప్ప కావాలనేది కాదు. ఒకే ఇంట్లో అన్నేళ్ళు ఎదురెదురుగా కూర్చుని, నాకేం కావాలో ఆమెకు తెలిసింది గానీ, ఆమెకేం కావాలో నేను ఒక్కసారి కూడా అడగలేదు. పరీక్ష ఫీజు కట్టిన రోజు కూడా తోడుకే రాస్తోందన్న మాటను నేను హాయిగా నమ్మేశాను, నమ్మడం నాకు అనుకూలంగా ఉంది కాబట్టి.

ఇప్పుడు ఫలితాలు ఎవరివి వారికి, ఎవరి ఫోనులోకి వారికి, కన్నుమూసి తెరిచేలోగా వస్తున్నాయి. మంచిదే. ఏ పిల్లా శనివారం నుంచి సోమవారం దాకా అలా నలిగిపోనక్కర్లేదు, ఆ దిగులు పగవాళ్ళకు కూడా వద్దు. అయినా పేపరు పరుచుకుని పక్క జిల్లాల వరసల్లో కూడా ఇంకొకరి నంబరు కోసం వేలు పెట్టి వెతికే మధ్యాహ్నాలు మాత్రం ఇక రావు. ఎవరిది వారికి తెలిసిపోయాక, రెండోవారి కోసం వెతకాలని ఎవరికి తోస్తుంది? తోస్తుందేమో. ఇప్పటి పిల్లల మనసులు నాకు అంతగా తెలియవు. ఆ రోజు పక్కనే కూర్చుని వెతికిన నా మనసే నాకు ఇంకా సరిగ్గా తెలియలేదు.